రెండు కళ్ళు కలిసే రోజు



మేము ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాము. ఇప్పుడు హైదరాబాదులో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట మా చేతికే వచ్చింది. అందువల్ల ఇంటికి పోతే చాలు, కరెంటు బిల్లు దగ్గర నుంచి డాక్టరు చీటీ దాకా అన్నీ మా ముందుకే వస్తాయి. తెలియదు అంటే ఎవరూ నమ్మరు. "గింత చదివినవు, ఇది తెల్వదా?" అంటారు.

పోయిన ఏడాది దసరా తర్వాత ఒక ఫోను వచ్చింది. హాస్టల్లో మాకు రెండేళ్ళు సీనియర్ అయిన అన్న చేసిండు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. చదివితే ఆయనకే తెలుస్తుంది. ఆయనకు చిన్నప్పటి నుంచి మెల్లకన్ను. హాస్టల్లో క్రికెట్ ఆడేటప్పుడు ఎంత తేలిక క్యాచ్ అయినా బంతి ఆయన చేతికి చిక్కేది కాదు. చేతులు సరిగ్గానే చాచేవాడు, కానీ బంతి రాకముందో వచ్చిన తర్వాతో మూసేవాడు. మేము వెనుక నుంచి పేరు పెట్టి నవ్వేవాళ్ళం. అది ఆటరాక కాదని మాకు అప్పుడు తెలియదు, ఆయనకూ తెలియదు. ఇంటర్ తర్వాత చదువు ఆపి పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరిండు. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకుంటే జీతం పెరుగుతుందని పేరు ఇచ్చిండు. కంటి పరీక్షలో "నీకు రెండు కళ్ళూ కలిసి పనిచేయవు, లోతు తెలియదు" అని చెప్పి మళ్ళీ ప్యాకింగ్‌కే పంపిండ్రు.

ఫోను ఆ సంగతి గురించి కాదు. "పాపకు ఐదో నెల. ఎడమ కన్ను ముక్కు దిక్కు పోతుంది. అమ్మేమో మెల్లకన్ను అదృష్టం, ఏం గాదు అంటుంది. నువ్వు ఆ సబ్జెక్టే చదువుతున్నవు గదా, చెప్పు తమ్మీ" అన్నడు.

కన్ను బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే పదికి పది మార్కులు తెచ్చుకుంటాము. ఈ ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. "రేపు చెప్తాము" అని చెప్పి లైబ్రరీకి పోయినాము. ఆ రేపు పది రోజులు సాగింది. అక్కడ చదివినదీ, తర్వాత డాక్టర్ల నోట విన్నదీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందు ఒక చిన్న ప్రయోగం

చదవడం ఆపి ఒక పెన్ను తీసుకోండి. మూత తీయండి. మూత ఒక చేతిలో, పెన్ను ఒక చేతిలో పట్టుకొని చేతులు ముందుకు చాచండి. ఇప్పుడు ఒక కన్ను మూసి, పక్క నుంచి గబుక్కున పెన్నుకు మూత పెట్టండి. చాలామందికి మూత పెన్నుకు ముందో వెనుకో పోతుంది. రెండు కళ్ళూ తెరిచి చేస్తే సులువుగా పడుతుంది. మెస్‌లో ఒక కన్ను మూసుకొని జగ్గుతో గ్లాసులోకి నీళ్ళు పోసి చూడవచ్చు, కానీ వంటమనిషి తిడితే మాకు సంబంధం లేదు.

ఎందుకిలా? పెద్దవాళ్ళ రెండు కళ్ళకు మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అందువల్ల కుడి కన్ను చూసే బొమ్మ, ఎడమ కన్ను చూసే బొమ్మ అచ్చంగా ఒకటే కావు. బొటనవేలు ముఖం ముందు పెట్టి కళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మూస్తే వేలు అటూ ఇటూ దూకినట్టు కనిపించేది ఇందుకే. వేలు దగ్గరికి తెస్తే ఎక్కువ దూకుతుంది, దూరం జరిపితే తక్కువ దూకుతుంది. మెదడు ఈ తేడాను కొలిచి "ఇది దగ్గర, అది దూరం" అని తేలుస్తుంది. రెండు బొమ్మలను కలిపి ఒకటి చేసి, మధ్యలోని తేడాను లోతుగా మార్చే ఈ పనినే ద్వినేత్ర దృష్టి అంటారు. 1838లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ వీట్‌స్టోన్ ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ చూపించే అద్దాల పెట్టె తయారుచేసి ఈ సంగతి నిరూపించాడు. చదునైన రెండు గీతల బొమ్మలు ఆ పెట్టెలో చూస్తే ఉబ్బెత్తుగా లేచి వచ్చాయి. మన నాయనల కాలంలో వచ్చిన 'చిన్నారి చేతన' సినిమాకు అద్దాలు పెట్టుకొని చూసినదీ, 2009లో 'అవతార్' చూసినదీ ఇదే సూత్రం మీద. మా సీనియర్ అన్న 'అవతార్' చూసి వచ్చి, "అద్దాలకు పైసలు దండుగ, మామూలు సినిమానే" అన్నడు. మేము అప్పుడు నవ్వినాము.

అయితే లోతు తెలియడానికి రెండు కళ్ళే దిక్కు కాదు. ఒక కంటితో కూడా చాలా తెలుస్తుంది. నాందేడ్ రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ పెద్దదవుతూ ఉంటే దగ్గరికి వస్తుందని తెలుస్తుంది. చెట్టు ఇంటిని కప్పితే చెట్టు ముందుందని తెలుస్తుంది. బస్సులో పోతుంటే దగ్గరి కంప వెనక్కి ఉరుకుతుంది, దూరపు గుట్ట మనతోనే వస్తున్నట్టు ఉంటుంది. ఒక కన్ను లేనివాళ్ళు బండ్లు నడుపుతున్నారు, పొలం దున్నుతున్నారు. రెండు కళ్ళ లోతు అసలు అక్కరకు వచ్చేది చేతికి అందే దూరంలో. సూదిలో దారం, ఎగిరి వచ్చే బంతి, స్క్రూ, ఇంజెక్షన్, ఫోర్క్‌లిఫ్ట్ పళ్ళు చెక్క పలక సందులో దూర్చడం, ఇవన్నీ ఆ లెక్కలోవే.

పుట్టిన పాపకు ఏం కనిపిస్తుంది?

అప్పుడే పుట్టిన బిడ్డ కంటిగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దవాళ్ళకు 24 దాకా ఉంటుంది. చూపు చాలా మసక. పెద్దవాళ్ళతో పోలిస్తే ఇరవై, ముప్ఫై రెట్లు తక్కువ. బాగా తెలిసేది ఒక జానెడు, జానెడున్నర దూరం మాత్రమే. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండేది సరిగ్గా ఆ దూరంలోనే.

మొదటి రెండు మూడు నెలల్లో కళ్ళు ఒక్కోసారి ఒకటి అటు, ఒకటి ఇటు పోతాయి. దానికి భయపడనక్కరలేదు. కంటిని తిప్పే కండరాలు ఇంకా మెదడు మాట పూర్తిగా వినడం నేర్చుకోలేదు. ఈ వయసులో కూడా ఒక రకమైన లోతు కొంత తెలుస్తుంది. ఏదైనా వస్తువు ముఖం మీదికి వస్తున్నట్టు పెద్దదవుతూ ఉంటే, నెల దాటిన బిడ్డ రెప్ప వేస్తుంది. అది ఒక కంటి లెక్క. రెండు కళ్ళ లెక్క ఇంకా మొదలు కాలేదు.

అది మొదలయ్యేది నాలుగో నెల దగ్గర. ఈ విషయం తెలిసిన తీరు మాకు చాలా నచ్చింది. నాలుగు నెలల పాపను "నీకు లోతు కనిపిస్తుందా?" అని ఎట్లా అడగాలి? 1980లో అమెరికాలో రిచర్డ్ హెల్డ్, ఐలీన్ బర్చ్, జేన్ గ్వియాజ్డా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పిల్లల అలవాటునే ఆసరా చేసుకున్నారు. పసిపిల్లలు చదునైన బొమ్మ కంటే లేచి వచ్చే బొమ్మ వైపు ఎక్కువసేపు చూస్తారు. చిన్న అద్దాలు పెట్టి, పక్కపక్కన రెండు గీతల బొమ్మలు చూపించారు. అద్దాల్లోంచి రెండు కళ్ళతో చూస్తే ఒకటి చదునుగా ఉంటుంది, ఒకటి ముందుకు లేస్తుంది. బిడ్డ ఎటు చూస్తుందో పెద్దవాళ్ళు కనిపెట్టి రాసుకున్నారు. లోతు తెలియని బిడ్డకు రెండూ ఒకటే కాబట్టి చూపు అటూ ఇటూ సమానంగా పోతుంది. తెలిసిన బిడ్డ లేచిన బొమ్మను వదలదు.

సగటున పదహారో వారం దగ్గర పిల్లలు లేచిన బొమ్మ వైపు తిరగడం మొదలుపెట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ తర్వాత ఐదు వారాల్లోనే ఆ చూపు దాదాపు పెద్దవాళ్ళ దగ్గరి దాకా పదునెక్కింది. వాళ్ళు ఇచ్చిన కొలతలను మేము మామూలు లెక్కలోకి మార్చి చూసినాము. అర మీటరు దూరంలో పెట్టిన రెండు వస్తువుల మధ్య మొదట పది సెంటీమీటర్ల తేడా ఉంటే గాని బిడ్డకు తెలియదు. ఐదు వారాల తర్వాత రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా తెలుస్తుంది. పాకడానికి నెలలు, మాటకు ఏడాది తీసుకునే బిడ్డ ఈ ఒక్క పనిని మాత్రం ఇంత గబగబా చేసేస్తుంది. ఆడపిల్లల్లో ఇది మగపిల్లల కంటే కొద్ది వారాలు ముందే వస్తుందని కూడా అదే బృందం తర్వాత గమనించింది. చెల్లెళ్ళు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.

మరి నాలుగు నెలలకు రావడం గడియారం మోగినట్టు తనంతట తాను జరిగేదా, లేక చూడటం వల్ల జరిగేదా? 2012లో హంగరీకి చెందిన గాబోర్ యాండో బృందం దీనికి చక్కని దారి కనిపెట్టింది. నెలలు నిండకుండా రెండు నెలల ముందు పుట్టిన బిడ్డలను, నిండి పుట్టిన బిడ్డలను పోల్చారు. కడుపులో పడ్డ రోజు నుంచి లెక్కపెట్టే గడియారమే అయితే ముందు పుట్టిన పిల్లలకు ఇది పుట్టిన ఆరు నెలలకు రావాలి. కానీ వాళ్ళకు కూడా పుట్టిన నాలుగు నెలల దగ్గరే వచ్చింది. అంటే మెదడు ఎదురుచూసేది వెలుగు కోసం, రెండు కళ్ళూ కలిసి చూసే అనుభవం కోసం. బిడ్డ కళ్ళు తెరిచిన రోజు నుంచి ఆ పని నడుస్తూ ఉంటుంది.

మన ఇళ్ళలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. నాలుగో నెలలో ఒకరోజు తొట్టెల్లో పడుకున్న బిడ్డకు పైన వేలాడే గిలక ఒక్కసారిగా గోడ మీద మచ్చలా కాకుండా గాలిలో తేలే వస్తువుగా కనిపిస్తుంది. ఆ రోజుకు ఎవరూ ఏమీ పంచరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. తల్లికి తెలిసేది ఒక్కటే: ఇంతకు ముందు గాలిలో చేతులు ఊపే బిడ్డ ఇప్పుడు గాజుల మీద సూటిగా చెయ్యి వేస్తుంది, ముక్కుపుడక పట్టి గుంజుతుంది. నాలుగైదు నెలల పిల్లలు రెండు కళ్ళతో చూసినప్పుడు దగ్గరి వస్తువు వైపు చెయ్యి చాచినంత నమ్మకంగా, ఒక కంటికి గంత కడితే చాచలేరని పరిశోధకులు కూడా చూశారు.

ఇంకో మెట్టు ఉంది. బొమ్మలోని నీడ, పెద్ద చిన్న, ఒకదాన్ని ఒకటి కప్పడం వంటి గుర్తులతో లోతు తెలుసుకోవడం ఐదు, ఏడు నెలల మధ్య వస్తుంది. ఆల్బర్ట్ యోనాస్ అనే శాస్త్రవేత్త, ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా గీసిన కిటికీ బొమ్మను ఒక కన్ను మూసి చూపించాడు. ఏడు నెలల పిల్లలు పెద్దగా ఉన్న పక్క దగ్గరుందనుకొని అటే చెయ్యి చాచారు. ఐదు నెలల పిల్లలు మోసపోలేదు. మోసపోవడానికి కూడా కొంత తెలివి రావాలి కదా.

మేకపిల్ల, మనిషి పిల్ల

లోతు గురించిన ప్రయోగాల్లో అన్నిటికంటే పేరు పొందింది ఎలీనార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ చేసినది. 1960లో అచ్చయింది. ఒక పెద్ద బల్ల, మీద మందపాటి అద్దం. సగం అద్దం కింద ఆనుకొనే గళ్ళ గుడ్డ ఉంటుంది. మిగతా సగంలో ఆ గుడ్డ కింద నేల మీద ఉంటుంది. అంటే చూడటానికి అక్కడ గొయ్యి ఉన్నట్టు, నిజానికి అద్దం ఉంది కాబట్టి పడిపోయేది లేదు. ఆరు నుంచి పద్నాలుగు నెలల పిల్లలు 36 మందిని మధ్యలో కూర్చోబెట్టి, తల్లులు అటు నుంచీ ఇటు నుంచీ పిలిచారు. 27 మంది మధ్య పలక నుంచి కదిలి గొయ్యి లేని వైపు పాకారు. గొయ్యి కనిపించే వైపు పాకింది ముగ్గురే. కొందరు అద్దాన్ని చేత్తో తట్టి చూసి కూడా పోలేదు, తల్లి పిలుస్తున్నా ఏడుస్తూ కూర్చున్నారు.

అదే బల్ల మీద ఒక రోజు కూడా నిండని మేకపిల్లను వదిలితే, అది ఒక్కసారి కూడా గొయ్యి వైపు అడుగు వేయలేదు. మేకలు కాసిన తమ్ముళ్ళకు ఇందులో వింత ఏమీ ఉండదు. పుట్టిన గంటలోనే లేచి బండ మీద నుంచి బండ మీదికి దూకే జాతి అది, దానికి నేర్చుకునే వ్యవధి లేదు. దాని కళ్ళు తలకు రెండు పక్కల ఉంటాయి, కదలిక వల్ల తెలిసే లోతే దానికి ఎక్కువ ఆధారం. పిల్లిపిల్లకు ఈ జ్ఞానం రావడానికి నాలుగు వారాలు పట్టింది. మనిషి పిల్లకు నెలలు.

అయితే ఇక్కడ ఒక పొరపాటు అర్థం తీసుకోకూడదు. తర్వాత జోసెఫ్ క్యాంపోస్ అనే ఆయన రెండు నెలల పిల్లలను ఆ గొయ్యి మీద పడుకోబెట్టి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాడు. భయపడితే వేగం పెరగాలి, కానీ తగ్గింది. అంటే తేడా తెలిసింది, భయం లేదు. భయం వచ్చేది పాకడం మొదలైన కొన్ని వారాలకు. లోతు కనిపించడం వేరు, పడతామని తెలియడం వేరు. ఆరు నెలల బిడ్డ మంచం అంచు నుంచి ఎందుకు దొర్లి పడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. కళ్ళు చూస్తూనే ఉంటాయి, ఒంటికి ఇంకా ఆ సంగతి అందలేదు. కాబట్టి "మావోడు హుషారు, పడడు" అని మంచం మీద వదిలి పోవద్దని ఇంట్లో చెప్పండి.

కళ్ళు కలవకపోతే?

ఇప్పుడు అన్న అడిగిన ప్రశ్నకు వద్దాం.

కళ్ళ నుంచి వచ్చే నరాలు తల వెనుక భాగంలో ఉండే మెదడు పొర దగ్గరికి చేరతాయి. అక్కడి కణాల్లో చాలావరకు రెండు కళ్ళ మాటా వింటాయి. డేవిడ్ హ్యూబెల్, టార్స్‌టెన్ వీసెల్ అనే ఇద్దరు 1960ల్లో పిల్లిపిల్లల మీద దీన్ని పరీక్షించారు. మొదటి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు ఆ కంటి మాట వినడం మానేసింది. కంటికి ఏ దెబ్బా లేదు. మెదడులో దాని చోటు ఇంకో కన్ను ఆక్రమించింది. ఎదిగిన పిల్లికి అంతే కాలం కన్ను మూసినా ఏమీ కాలేదు. 1965లో ఇంకో పని చేశారు. కన్ను మూయకుండా, ఒక కండరం కోసి కంటిని పక్కకు తిప్పారు, అంటే పిల్లికి మెల్లకన్ను తెప్పించారు. రెండు కళ్ళకూ చూపు బాగానే ఉంది. కానీ మామూలు పిల్లిలో రెండు కళ్ళ మాటా వినే కణాలు వందలో ఎనభై దాకా ఉంటే, వీటిలో ఇరవైకి పడిపోయాయి. మిగతావి కొన్ని కుడి కంటికి, కొన్ని ఎడమ కంటికి పంచుకొని విడిపోయాయి. ఈ పనికి వాళ్ళకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లుల మీద జాలి మాకూ కలిగింది, ఆ మాట దాచుకోము. కానీ ఈ రోజు పసిపిల్లలకు తొందరగా వైద్యం చేయాలని డాక్టర్లు పట్టుబట్టడానికి మూలం ఆ పిల్లులే.

బిడ్డ ఒక కన్ను ముక్కు వైపు తిరిగి ఉంటే రెండు కళ్ళూ రెండు వేర్వేరు చోట్లను చూస్తాయి. కలపడానికి ఒకే బొమ్మ లేదు. ఒకటి రెండుగా కనిపించకుండా మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెడుతుంది. ఎప్పుడూ అదే కన్ను పక్కన పడితే దాని చూపు మందగిస్తుంది. దాన్ని సోమరి కన్ను అంటారు, ఆ పేరు మాకు నచ్చదు, పని ఇవ్వకుండా కూర్చోబెట్టిన వాణ్ణి సోమరి అన్నట్టు ఉంటుంది. మనుషుల్లో ఈ కలయిక దెబ్బతినే ప్రమాదం మొదటి నెలల్లో మొదలై, ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య అన్నిటికంటే ఎక్కువని మార్టిన్ బ్యాంక్స్ బృందం 1975లో లెక్క కట్టింది. మెల్లకన్ను సరిచేయించుకున్న వయసును బట్టి వాళ్ళు ఈ లెక్క తీశారు.

"మెల్లకన్ను అదృష్టం" అనే మాట మన దగ్గర మాత్రమే కాదు, తెలుగు వాళ్ళందరిలో ఉంది. ఆ మాట అన్న అవ్వలను తిట్టడం మాకు ఇష్టం లేదు. వైద్యం అందని కాలంలో తల్లి ఏడుపు ఆపడానికి ఎవరో మంచి మనసుతో అన్న మాట అయి ఉంటుంది. ఇప్పుడు వైద్యం ఉంది.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి చెప్తాము. బిడ్డకు అర మీటరు దూరం నుంచి చిన్న బ్యాటరీ లైటు చూపండి. రెండు నల్లగుడ్లలో వెలుగు చుక్క ఒకే చోట మెరిస్తే మంచిది. కొందరు పిల్లలకు ముక్కు దూలం వెడల్పుగా ఉండి మెల్లకన్ను లేకున్నా ఉన్నట్టు కనిపిస్తుంది, అప్పుడు చుక్కలు సరిగ్గానే పడతాయి. ఒక కంట్లో మధ్యన, ఒక కంట్లో అంచుకు పడితే డాక్టరుకు చూపించాలి. మూడు నెలల లోపు అప్పుడప్పుడు తిరిగితే ఆగవచ్చు. ఎప్పుడూ తిరిగే ఉంటే, లేదా నాలుగు నెలలు దాటినా తిరుగుతుంటే ఆగవద్దు. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా మెరిస్తే, ఫోటోలో ఒక కన్ను తెల్లగా పడితే, ఒక్క వారం కూడా ఆగవద్దు. అది పుట్టుకతో వచ్చిన శుక్లం (మనం మోతిబిందు అంటాం) కావచ్చు, కంటిలో కణితి కూడా కావచ్చు. ఒక కంటికి పుట్టు శుక్లం ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు తీయడం మంచిదంటారు. ముసలివాళ్ళ మోతిబిందు ముదిరే దాకా ఆగే అలవాటు పిల్లల విషయంలో పనికిరాదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ ఉన్నా, కంటి లోపలి పొర పాడయ్యే జబ్బు రావచ్చు. బయటికి ఏమీ కనిపించదు. పుట్టిన 30 రోజుల లోపు కంటి లోపల పరీక్ష జరగాలి, మరీ చిన్న పిల్లలకైతే రెండు మూడు వారాలకే. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలీ బృందం జంటనగరాల్లోని పసిపిల్లల వార్డులకే పోయి ఈ పరీక్షలు చేసే పద్ధతి తెచ్చింది. సినిమా దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం స్థలం, డబ్బు ఇవ్వగా డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఈ సంస్థలో డబ్బు కట్టలేని వాళ్ళకు ఉచితంగా చూస్తారు. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టు శుక్లం, నెలలు నిండని పిల్లల కంటి జబ్బు రెండూ ఉన్నాయి, కాబట్టి అంగన్‌వాడీ టీచరునో, ఆశా అక్కనో అడగండి. 2018 ఆగస్టు 15న మన ఉమ్మడి మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభించిన కంటి వెలుగు మన ఊళ్ళలో ఎందరికో అద్దాలు ఇచ్చింది. కానీ నాలుగు నెలల పాప శిబిరానికి వచ్చి చార్టు చదవదు. ఆమె కోసం ఇంట్లో వాళ్ళే చూడాలి.

ఆలస్యమైన వాళ్ళకు

ఇక్కడి దాకా చదివి, "మరి నా సంగతేంది?" అనుకునే తమ్ముడు ఎవరైనా ఉంటే ఈ భాగం అతని కోసం. గంత కట్టి మంద కంటికి పని చెప్పే వైద్యం ఏడేళ్ళ లోపు బాగా పనిచేస్తుంది. పదేళ్ళు దాటినా కొందరిలో చూపు మెరుగవుతుంది. అమెరికాలో సూసన్ బారీ అనే జీవశాస్త్ర అధ్యాపకురాలికి పసితనం నుంచి మెల్లకన్ను. చిన్నప్పుడు ఆపరేషన్లతో కళ్ళు తిన్నగా అయ్యాయి గాని లోతు రాలేదు. 48 ఏళ్ళ వయసులో కంటి వ్యాయామాలు మొదలుపెట్టాక ఒకరోజు కారెక్కితే స్టీరింగ్ చక్రం ముందుకు తేలి కనిపించింది. ఆమె 2009లో దాని మీద పుస్తకం రాసింది. అందరికీ అలా వస్తుందని చెప్పలేము. తలుపు పూర్తిగా మూసుకుపోదు అని మాత్రం చెప్పగలము.

మన దేశంలోనే ఇంకో పని జరిగింది. ఢిల్లీలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న పవన్ సిన్హా, పుట్టు శుక్లంతో చూపు లేని పల్లె పిల్లలకు ఆపరేషన్ చేయించి, తర్వాత వాళ్ళు చూడటం ఎలా నేర్చుకుంటారో గమనించారు. ఎనిమిది నుంచి పదిహేడేళ్ళ వయసున్న ఐదుగురు పిల్లలకు గంతలు విప్పిన వెంటనే, చేత్తో తడిమిన వస్తువును కంటితో గుర్తుపట్టమంటే దాదాపు గుర్తుపట్టలేకపోయారు. కొద్ది రోజుల్లో నేర్చుకున్నారు. 2011లో అచ్చయిన ఈ వ్యాసం మీద మొదటి పేరు రిచర్డ్ హెల్డ్. నాలుగు నెలల పాపల లోతు కనిపెట్టిన ఆ హెల్డే. లైబ్రరీలో ఆ పేరు రెండోసారి చూసినప్పుడు పాత మనిషి బస్టాండులో ఎదురైనట్టు అనిపించింది.

అన్నకు పదకొండో రోజు ఫోను చేసినాము. "లైటు పెట్టి చూడు" అన్నాము. చుక్క ఎడమ కంట్లో అంచుకు పడింది. హైదరాబాదుకు మేమే తోడు పోయినాము. డాక్టరమ్మ మందు చుక్కలు వేసి చూసి, మంచి కంటికి రోజూ కొంతసేపు గంత కట్టమన్నది, ఆపరేషన్ కూడా చేయాల్సి ఉంటుంది, తేదీ తర్వాత చెప్తామన్నది. లోతు చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమని కూడా అన్నది. బయటికి వచ్చాక అన్న అడిగిండు, "నన్ను కూడా గప్పుడే తీసుకొస్తే?" మేము ఏమీ అనలేదు. ఆయన కూడా మళ్ళీ అడగలేదు.

సంక్రాంతికి వాళ్ళింటికి పోయినాము. పాప కుడి కంటికి గంత ఉంది. అదృష్టం అన్న అవ్వే ఒళ్ళో పెట్టుకొని, గంత గుంజకుండా చేతులు పట్టుకొని కూర్చున్నది. మా చేతిలో స్టీలు గ్లాసు చూసి పాప చెయ్యి చాచింది, పక్కకు పోయింది. మళ్ళీ చాచింది. మూడోసారి గ్లాసు అంచు పట్టుకున్నది, చాయ మా అంగీ మీద పడ్డది.